వజ్రాల ఫోరంలో మొదటి పోస్టు

యామిని పెట్టిన ఫోరంలో మూడు నెలలకు చేరినవాళ్లు పదకొండు మంది. అందులో ఒకరు యామిని, ఇంకొకరు ఆమె బావ భూపేష్. మూడో మనిషి యామిని అక్క. మొగుడు భూపేష్ పోరు పడలేక చేరి, మళ్లీ ఆ ఛాయలకు రాలేదు. పేరు మాత్రం ఘనంగా 'సీమ మాట' అని పెట్టుకున్నారు. వానలు, పరీక్షలు, బిర్యానీ, బస్సుల టైములు, ఏదైనా మాట్లాడుకోవచ్చన్నారు. ఏదైనా మాట్లాడుకోండి అంటే ఎవరూ నోరు విప్పరని వాళ్లకు ఆలస్యంగా తెలిసింది.

జూన్ మొదటి వారంలో, రాత్రంతా వాన కురిసి వెలిసిన పొద్దున, కల్లూరులో భూపేష్ నడిపే కంప్యూటర్ సెంటరులో ఇద్దరూ కూర్చున్నారు. ఒకే ఒక్క విషయం పట్టుకోవాలి, జనం పిలవకుండానే రావాలి. లేకపోతే మూసేసి ఎవరి పని వాళ్లు చూసుకోవాలి.

"వేరుశనగ బుడ్డల రేట్లు?" అంది యామిని.

"వాట్సాప్‌లో గంటకోసారి వస్తాండాయి. మన దగ్గరికి ఎందుకొస్తారు?"

"డీఎస్సీ?"

"దానికి వీధికొక యాప్ ఉండాది పాపా."

అంతలో ఆధార్ కార్డు జిరాక్సుకని ఒక ఆటో అతను వచ్చాడు. "తుగ్గలి కాడ ఎవురికో రాయి దొరికిందంట, యిన్నారా?" అన్నాడు. అంతే. ఫోటోల కోసం వచ్చినవాళ్లు, ఫీజు కట్టడానికి వచ్చినవాళ్లు అందరూ అతని చుట్టూ మూగారు. ఎంత పెద్దదంట, ఎవురంట, యాడంట. పావుగంట మాట్లాడి ఆటో అతను కార్డు కౌంటర్ మీదే మరచి వెళ్లిపోయాడు. యామిని ఆ కార్డు చేతిలోకి తీసుకుని, "ఇదే బావా," అంది.

తొలకరి పడితే పత్తికొండ, తుగ్గలి వైపు ఎర్రచేలలో మట్టి కడుక్కుపోయి రాళ్లు పైకి తేలుతాయి. వాటిల్లో వజ్రం ఉంటుందని ఎక్కడెక్కడి జనమో వచ్చి, తల వంచుకుని, వరసగా నడుస్తూ వెతుకుతారు. దొరికినవాడు మాత్రం ఏ చేనో చెప్పడు. కొన్నవాడూ చెప్పడు. ఏటా ఆ నాలుగు వారాలు జిల్లా అంతా 'అంట' మీదే నడుస్తుంది.

"దొరికినోడు పెండ్లానికే చెప్పడు. నీ ఫోరంలో రాస్తాడా?" అన్నాడు భూపేష్.

"అడిగేటోళ్లు వస్తే చాలు బావా. చెప్పేటోళ్లు తరవాత వస్తారు."

పేరు 'తొలకరి' అని మార్చారు. మూడు రోజుల్లో నూటనలభై మంది చేరారు. యామినికి నేల మీద కాలు నిలవలేదు. కానీ చేరిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న వేశాడు. యాడ? పక్కవాడు దాని కింద 'అవును, యాడ?' అని రాశాడు. నాలుగో రోజుకు కొత్త ప్రశ్నలు కూడా తగ్గిపోయాయి. ఎవరో ఒకరు మొదటి జవాబు చెప్పకపోతే ఇదీ 'సీమ మాట' దారే పడుతుందని ఆమెకు గుబులు పుట్టింది.

ఆ సాయంత్రం భూపేష్‌కు చెప్పకుండా, లేని పేరు ఒకటి పెట్టుకుని, మొదటి జవాబు తానే రాసింది.

"పోయినేడు మా చిన్నాయనకు దొరికింది. ఊరు చెప్పను. ఎర్ర మిట్టచేను. మూలలో గోడ కూలిన బావి. తూర్పు గట్టున రెండు సీతాఫలం చెట్లు. బావి దగ్గర నిలబడి చూస్తే మూడు గాలిమరలు ఒకదాని వెనక ఒకటి కనిపిస్తాయి."

అబద్ధానికైనా ఒక చేను కావాలి కదా. పట్నంలో పెరిగిన యామినికి గట్లూ చెట్లతో సహా తెలిసిన చేను లోకంలో ఒక్కటే. పత్తికొండ అవతల తన తండ్రి పుల్లయ్య పేర ఉన్న మిట్టచేను. పన్నెండేళ్లుగా గిడ్డయ్య, పెద్దక్క అనే ఆలుమగలు దాన్ని గుత్తకు, అంటే కౌలుకు చేస్తున్నారు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో పెద్దక్క కలిపిచ్చిన రాగిసంగటి ముద్ద ఆ బావి దగ్గరే తినేది. ఊరి పేరు రాయలేదు కాబట్టి ఏమీ కాదనుకుంది. మూడు గాలిమరలు ఒకే వరసలో కనిపించే చోటు ఒక్కటే ఉంటుందని, ఇరవై ఏళ్లుగా ఆ చేలు తిరిగినవాళ్లకు అంతకంటే గుర్తు అక్కర్లేదని ఆమెకు తట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి సభ్యులు రెండు వేలు దాటారు. భూపేష్ అందరికీ టీ తెప్పించాడు. టీ తాగుతుండగా యామిని ఫోను మోగింది.

"యామినమ్మా, నాయన ఫోనెత్తల్యా. నువ్వన్నా రా తల్లీ." పెద్దక్క గొంతు రొప్పుతోంది. "చేన్లో జనం పడినారు. ఇత్తనమేసి ఆర్దినాలాయ. మొలక నెర్రె ఇచ్చుకొని పైకొచ్చే దినం. తొక్కేస్తాండారు. వద్దంటే ఇనల్యా."

తడినేల తొక్కితే బిగుసుకుపోతుంది, కింది మొలక కిందే కుళ్లిపోతుంది. ఏడాది పంట. అంత మాత్రం యామినికీ తెలుసు.

పోస్టు తీసేసింది. అప్పటికే దాని ఫోటో వందల ఫోన్లలో ఉంది. 'తీసేసినారంటేనే తెలీల్యా, నిజమని' అని ఎవరో రాశారు. అప్పుడు తన అసలు పేరుతో రాసింది. "ఆ పోస్టు రాసింది నేనే. నాకు చిన్నాయనే లేడు. అక్కడ ఏమీ దొరకలేదు. దండం పెడతాను, ఆ చేనికి పోవద్దండి." దాని కింద గంటలో మూడు వందల మంది రాశారు. 'ఇంకో రాయి దొరికినట్టుంది.' 'రేపు డోన్ నుంచి రెండు ఆటోలు మాట్లాడినాం, ఎవురన్నా వస్తారా?'

"నాకు చెప్పకుండా ఇంత పని చేస్తివా?" అన్నాడు భూపేష్. అని, కోపం పూర్తి కాకముందే స్క్రీన్ వైపు చూశాడు. "మూడు వేలాయ," అన్నాడు సిగ్గుపడుతూ. యామిని ఫోరం మొత్తం మూసేసింది. మూయడం వల్ల ఒక్క ఆటో కూడా ఆగలేదు.

తెల్లారి ఇద్దరూ బండి మీద కోడుమూరు మీదుగా బయల్దేరారు. దారి పొడుగునా యామిని పెదవులు కదులుతూనే ఉన్నాయి. అక్కడ అందరి ముందూ చెప్పాలి. ముఖం చూస్తే నమ్ముతారు. రాతను నమ్మకపోవచ్చుగానీ మనిషిని నమ్మకుండా ఎట్లుంటారు?

చేను దగ్గర రోడ్డు పక్కన ఆటోలు బారులు తీరి ఉన్నాయి. లోపల రెండు వందల మందికి తక్కువ లేరు. ఎవరూ అరవడం లేదు, తోసుకోవడం లేదు. తలలు వంచుకుని, అడుగులో అడుగు వేస్తూ, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడుస్తున్నారు. గొర్రుతో తీసిన చాళ్లు సగం మేర కనిపించడం లేదు. గిడ్డయ్య కట్టె పట్టుకుని పరిగెత్తుతున్నాడు. ఒక మూల తరిమితే ఇంకో మూల దిగుతున్నారు. అతని గొంతు ఎప్పుడో పోయింది.

యామిని సీతాఫలం చెట్టు పక్కన గట్టు ఎక్కింది. "అప్పా, అన్నా, అందరూ ఒక్కసారి వినండి! ఫోరంలో రాసింది నేనే. అబద్ధం రాసినాను. ఈడ ఏ వజ్రమూ లేదు. ఇత్తనం పోతాది, బయటికి రండి!"

చాలామంది తలలెత్తారు. ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ముందు వరసలో నెత్తికి తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు దగ్గరికి వచ్చాడు. పేరు బొజ్జన్న, రాజంపేట నుంచి ఏటా వస్తాడట. చాలా మర్యాదగా అడిగాడు.

"నువ్వు ఎవురి పాపవమ్మా?"

"పుల్లయ్య కూతుర్ని."

"చేను పుల్లయ్యదే కదా?"

యామిని తల ఊపింది.

"మీదే కదమ్మా చేను," అన్నాడు బొజ్జన్న మళ్లీ, మెల్లగా. "మా చేన్లో వజ్రాలుండాయి రండి అని ఎవురన్నా చెప్తారా? ఉన్నా లేవనే అంటారు."

చుట్టూ నవ్వారు. కోపంతో కాదు, తెలివైన పిల్ల అన్నట్టు నవ్వారు. తలలు మళ్లీ వంగాయి. గట్టు అవతల నిలబడి అనుమానంగా చూస్తున్న పదిమంది కూడా ఇప్పుడు చేన్లోకి దిగారు. తన పేరు చెప్పుకుని చేనికి తానే సాక్ష్యం పలికినట్టయిందని అప్పుడు యామినికి అర్థమైంది.

పెద్దక్క వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని చెట్టు వెనక్కి తీసుకుపోయింది. తిడుతుందని యామిని ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది.

"తప్పు చేసినాను పెద్దక్కా. ఏదో ఒకటి రాయాలని రాసినాను. నీ చేను అని కూడా తలుచుకోలేదు."

"అది సరేలేమ్మా." పెద్దక్క గొంతు తగ్గించింది. "ఇంత మంది వచ్చినారు. నాతో ఒక్క మాట నిజం చెప్పు. ఉండాదా, లేదా?"

"లేదు. మా అమ్మ మీద ఒట్టు, లేదు."

పెద్దక్క ఆమె ముఖంలోకి చూసింది. పన్నెండేళ్లలో ఆమె కళ్లల్లో అట్లాంటి చూపు యామిని ఎన్నడూ చూడలేదు.

"ఉంటే మాత్రం నువ్వు నాకు చెప్తావా తల్లీ?" అంది. "రేపు మా కాడ చేను ఇడిపించుకుంటారేమో, ఎవురికి తెలుసు."



పెద్దక్క చీరకుచ్చెళ్లు ఎగ్గట్టింది. గట్టు దిగి, బొజ్జన్న వరసలో మనిషికీ మనిషికీ మధ్య సందు చూసుకుని దూరింది. తన చేతులతో విత్తిన చాళ్ల మీద తల వంచుకుని నడవడం మొదలుపెట్టింది. అది చూసిన గిడ్డయ్య, కట్టె గట్టు మీద పెట్టి, వెళ్లి ఆమె పక్కన చేరాడు.