సారటోగా కథ చెప్పిన ఇంద్రజ

హేమశ్రీ వేళ్లు రోలర్‌లో పడి నలిగాయి మా కళ్ల ముందే. దేశంకాని దేశంలో, టౌరంగా అనే రేవుపట్నం శివార్లలో కివీపళ్లు ప్యాక్ చేసే షెడ్డు అది. గ్లవ్ నిండా నెత్తురు. కాంట్రాక్టర్ జనార్ధనరావు పరుగున వచ్చి, ముందు బెల్టు నడుస్తోందా లేదా చూసుకున్నాడు. తర్వాత ఒక కాగితం తెచ్చాడు.

"ఇంట్లో కూర తరుగుతుంటే తెగిందని సంతకం పెట్టమ్మా. లేదంటే నీ వీసా సంగతి నేను చూడలేను."

ఆమె ఎడమ చేత్తో సంతకం పెట్టింది. నలభై మందిమి పళ్లు ఏరుతూనే ఉన్నాం.

రెండేళ్లుగా ఎవరికి ఏ కష్టమొచ్చినా "శ్రీపతన్నా" అంటూ నా దగ్గరికే వచ్చేవారు. ఆ రోజు లంచ్ బ్రేక్‌లో మాత్రం అందరూ ఇంద్రజ చుట్టూ చేరారు. వరంగల్‌లో చరిత్ర చదువుకున్న పిల్ల. పనిలో చేరి మూడు నెలలైనా కాలేదు.

"అమెరికా వాళ్లు ఇంగ్లండ్ రాజు మీద తిరగబడ్డప్పుడు బంకర్ హిల్ కాడ ఓడిపోయిన్రు," అంటోంది. "తూటాలు అయిపోయినయ్, కొండ పోయింది. కానీ గెలిచినోళ్లలో వెయ్యిమందికి పైగా పడ్డరు. వీళ్లు నిలబడగలరని ఆ రోజే లోకానికి తెలిసింది."

"మనకెందుకమ్మా ఆ గోల?" అన్నాను.

"రెండేళ్లకు సారటోగా కాడ ఇంగ్లీషు సైన్యమే ఆయుధాలు కింద పెట్టిందన్నా. అది చూసినంకనే ఫ్రాన్సు బాహాటంగా వీళ్లతోని కలిసింది. మనం నిలబడి చూపిస్తే, పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్టులు నడిపే సమోవా దీవుల వాళ్లు గూడ కలుస్తరు."

చేతికి కట్టుతోనే హేమశ్రీ నవ్వింది. నేను ఎంత ఓదార్చినా రాని నవ్వు అది. నా కడుపు మండిపోయింది.

సాయంత్రం జనార్ధనరావు నన్ను పిలిచి, "ఈ మీటింగులు ఎవరు పెడుతున్నారు?" అన్నాడు.

"ఇంద్రజ. రేపు పొద్దున్నే బెల్టు ఆపుతారట," అని చెప్పేశాను.

మర్నాడు ఇంద్రజ, మరో నలుగురు పని ఆపి, ఆ దొంగ కాగితం చించెయ్యమన్నారు. అతను సిద్ధంగానే ఉన్నాడు. వ్యాన్‌లో తెచ్చిన కొత్తవాళ్లను వాళ్ల జాగాల్లో నిలబెట్టి, ఐదుగురినీ గేటు బయటికి గెంటించాడు. మిగిలిన మేం తల దించుకున్నాం.

లంచ్‌కి అందరం గేటు దగ్గరికి చేరాం.

"ఆయనకి ముందే ఎలా తెలిసింది?" అంది హేమశ్రీ.

"నేనే చెప్పాను," అన్నాను. "ఈ పిల్ల మాట మీరంతా వింటుంటే ఓర్వలేకపోయాను."

ఎవరో నా కాలర్ పట్టుకున్నారు. హేమశ్రీ అడ్డం వచ్చింది.

"ఓర్వలేకపోతే ఓర్వకు. బెల్టు స్విచ్ నీ పక్కనే కదా ఉండేది? ఆపుతావా, ఆపవా?"

అప్పుడే సమోవా వాళ్లలో ఒకడు, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ సియోనే వచ్చాడు. పొద్దున జరిగిందంతా అతను చూశాడు.

"పోయినేడు మా తమ్ముడి చేత కూడా ఇలాంటి కాగితం మీదే సంతకం పెట్టించాడు," అన్నాడు ఇంగ్లీషులో. "ఇవాళ ఓడకి లోడు వెళ్లాలి. మేం ఎత్తం."

ఇంద్రజ నా వైపు చూడనైనా లేదు. "ఆఖరి పోరులో యార్క్‌టౌన్ కాడ ఫ్రాన్సు ఓడలొచ్చి ఇంగ్లీషోళ్లకు సముద్రం దారి మూసినయ్," అంది సియోనే చెయ్యి పట్టుకుని. "పోండి, లోపల మీరు మూయండి."

లోపలికి వెళ్లి ఎర్ర బటన్ నొక్కాను. బెల్టు ఆగింది. ఫోర్క్‌లిఫ్టుల మోత ఒక్కొక్కటిగా అణిగింది. వ్యాన్‌లో వచ్చినవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని గ్లవ్స్ తీసేశారు.

"నువ్వూ చేరావా శ్రీపతీ?" అని జనార్ధనరావు నా మీదికొచ్చాడు. "తియ్యి చెయ్యి! పోలీసుల్ని పిలుస్తా!"

"పిలవండి. కాగితం కూడా తెండి, వాళ్లకి చూపిద్దాం," అంది హేమశ్రీ.

షెడ్డంతా "ఇంద్రజని లోపలికి పిలవాలి!" అని అరుస్తోంది. నా పేరు ఒక్కరూ ఎత్తలేదు. మంట ఇంకా ఉంది. నేనూ గొంతు చించుకుని ఆమె పేరే అరిచాను. బటన్ మీంచి చెయ్యి తియ్యలేదు.