ఏ పార్టీ రాయించింది?

హీనాను ఫేస్‌బుక్‌కు ఎక్కించింది మీరే, పెద్దమనుషులూ. పరువు బజారున పడిందని ఇప్పుడు గుండెలు బాదుకుంటున్నారే, ఆ పిల్ల ముందు తొక్కింది మీ గడపే. "చూద్దాంలే అమ్మా" అన్నారు. స్టేషన్‌కు పోతే "బాగా ఆలోచించుకొని రా" అన్నారు.

రొంపిచెర్ల రోడ్డులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో కంప్యూటర్ పని ఆమెది. యజమాని ప్రవీణ్ కుమార్ గది తలుపేసి ఆమెపై అత్యాచారం చేశాడు. ఎవరూ వినకపోయేసరికి ఆ మాటే అతని పేరుతో, తన పేరుతో ఫేస్‌బుక్‌లో రాసింది.

తెల్లారి, ఊళ్ళో ఒక పార్టీకి పెద్దయిన వెంకట్రామయ్య నలుగురిని వెంటేసుకుని, హీనా తండ్రి సుభానీ ట్రాక్టర్ల షెడ్డుకు వచ్చాడు.

"ఏమయ్యా సుభానీ, ఏ పార్టీవోళ్ళు రాయించారయ్యా ఇది?"

"నేనే రాశా బాబాయ్" అంది హీనా.

"ఇంత తెలుగు నువ్వు రాశావా! దీనెనక ఎవడో ఉన్నాడు. వాడి సంగతి మేం చూసుకుంటాం. నువ్వు మాత్రం తీసెయ్."

"టెన్త్‌లో తెలుగుకి తొంభై రెండు బాబాయ్ నాకు. మీ అబ్బాయి పవన్‌కి ఎన్నొచ్చినయ్యో అడుగు పోయి."

పల్నాట్లో ఇదో రోగం. గొడ్డు చచ్చినా, గోడ కూలినా, ముందు ఏ పార్టీ అని అడగాలి. ఆడపిల్ల ఏడ్చినా అంతే.

మధ్యాహ్నానికి అవతలి పార్టీ సెంటర్లో ఫ్లెక్సీ కట్టింది. 'హీనాకు న్యాయం జరగాలి' అని. వాళ్ళ నాయకుడి మొహం చేటంత. మూలన హీనా ఫొటో, ఆమె ఫేస్‌బుక్‌లోంచి లాగింది.

"నా ఫొటో ఎవరెయ్యమన్నారన్నా?" హీనా సెంటర్‌కు పోయి ఫ్లెక్సీ కట్టినవాణ్ణి అడిగింది.

"నీకోసమేగా చెల్లెమ్మా! టెంటు కూడా ఏసాం. వచ్చి కూర్చో, లైవ్ పెడదాం."

"ముందు అది పీకండి."

"ఓహో! అప్పుడే రాజీ పడిపోయావా అవతలోళ్ళతో?"

సాయంత్రానికి పోస్టు కింద రెండు పార్టీలూ కొట్టుకుంటున్నాయి. వీళ్ళకు అమ్ముడుపోయిందని సగం మంది, వాళ్ళకు అమ్ముడుపోయిందని సగం మంది. తల్లి రజియా ఫోన్ లాక్కోబోయింది.

"తీసెయ్యవే, నీకు దండం పెడతా. అందరి నోళ్ళలో నీ పేరే నానుతోంది. వాడి పేరు ఒక్కడన్నా ఎత్తాడా?"

"ఎత్తలేదమ్మీ. వాడి పేరున్నది ఆ పోస్టులో ఒక్కటే. అదీ తీసేస్తే ఇంక ఏడుంటది?"

సుభానీ చేతి గ్రీజు గుడ్డకు తుడుచుకొని బండి తీశాడు. "ఎక్కమ్మా" అన్నాడు.

స్టేషన్‌లో ఎస్సై ఆమెను చూడను కూడా లేదు. సుభానీ వంక తిరిగి, "ఇంతకీ మీరు ఎవరి మనుషులయ్యా?" అన్నాడు.

హీనా బల్ల లాక్కొని ఎదురుగా కూర్చుంది.

"నన్నడగండి సార్. లేడీ కానిస్టేబుల్‌ని పిలవండి, నేను చెప్తా, రాసుకోండి. ప్రవీణ్ కుమార్ మీద కేసు కట్టండి. సెంటర్లో నా ఫొటో దించండి. ఎఫ్ఐఆర్ కాపీ చేతికొచ్చేదాకా నేను లేవను. పిలవండి సార్, ఇప్పుడే."