బండి చల్లారేదాకా

అంబిక కాలేజీ నుంచి తిరిగొచ్చే వేళకి హూడిలో ఆ వీధి ఆడవాళ్ళు పొయ్యి మీద పాలు పెట్టేవాళ్ళు. ముందు సన్నటి కూత వినబడేది. తర్వాత స్పీడ్ బ్రేకర్‌కి బండి అడుగుభాగం రాసుకున్న చప్పుడు, ఆ వెనకే అంబిక తిట్టు. నల్లటి పొడుగాటి కారు ఇంటి ముందు ఆగేది. ఆగాక కూడా ఇంజను నడుస్తూనే ఉండేది.

అది ఏదో చలిదేశంలో తయారైన టర్బో కారు. ఐటీ కంపెనీలో పనిచేసిన విదేశీ అధికారి ఒకాయన తన దేశం వెళ్ళిపోతూ అమ్మేస్తే కొన్నది. తోలు సీట్లు అప్పటికే పగిలాయి. వెనక అద్దం ఒకసారి దిగిందంటే చేత్తో పైకి లాగాలి. ఏసీ దాని బుద్ధి పుట్టినప్పుడు పనిచేసేది. మారతహళ్ళి మెకానిక్ అంజినప్ప బానెట్ ఎత్తి చూసి, "ఇది నాకొద్దు మేడమ్, నిద్ర పట్టదు" అని మూసేశాడు. తర్వాత జాలిపడి ఒక జాగ్రత్త చెప్పాడు. "జోరుగా తోలుకొచ్చి టక్కున ఆపొద్దు. లోపల టర్బో ఎర్రగా కాలి ఉంటుంది. అది చల్లారేదాకా ఇంజను నడవనీండి."

అంబిక పిల్లలకి ఫిజిక్స్ చెప్పేది కాబట్టి ఆ మాట వెంటనే అర్థమైంది. టర్బో చల్లారేంతసేపూ చుట్టుపక్కల కాలం ఆగుతుందని మాత్రం అంజినప్ప చెప్పలేదు. అది వీధివాళ్ళే కనుక్కున్నారు. గడియారం ముళ్ళు ఆగేవి. పొంగబోయిన పాలు గిన్నె అంచున నిలబడేవి. పిల్లలు కొట్టిన బంతి కిటికీ ముందు గాల్లో ఆగితే ఎవరో ఒకరు వెళ్ళి తీసుకొచ్చేవాళ్ళు. మనుషులు మాత్రం మామూలుగా తిరిగేవాళ్ళు. "అంబికా, కాస్త ఉంచమ్మా, తాలింపు మాడుతోంది" అని ఎదురింటి సావిత్రమ్మ కేకేసేది. నీళ్ళ ట్యాంకర్ చెప్పిన రోజున వస్తే పడేంత ఆశ్చర్యం కూడా ఆ కారు విషయంలో ఎవరూ పడలేదు.

ఆ వ్యవధిలోనే హరీశ్ వచ్చి కారు కిటికీ పక్కన నిలబడేవాడు. అదే వీధి, బ్యాంకు ఉద్యోగం, భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ ఎంత మాట్లాడుకున్నా కాలం గడిచేది కాదు కనుక, వీధికి అనుమానించే తీరిక దొరకలేదు. పెళ్ళి చేసుకుంటున్నామని వాళ్ళే చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు.

అంబిక అన్న గిరిధర్‌కి ఆ కారంటే మొదటి నుంచీ పడదు.

"విడాకులు తీసుకున్నదానివి, నీకింత కారెందుకే? చిన్నది కొనుక్కోవచ్చు కదా."

"చిన్నదాంట్లో నా కాళ్ళు పట్టవు."

"నెలకొకటి ఊడుతుంది దాంట్లో."

"నాకూ ఊడుతున్నాయి. నన్నూ అమ్మేస్తావా?"

పెళ్ళి మాట విన్నాక అతనికి కారు సంగతి గుర్తుకే రాలేదు. "మా అక్షరకి సంబంధాలు చూస్తున్నాను. నలభై ఆరేళ్ళ మేనత్త పీటల మీద కూర్చుందంటే ఆ వచ్చేవాళ్ళకి ఏం చెప్పను?"

"భోజనాలు బాగున్నాయని చెప్పు."

హరీశ్ తల్లి భాగీరథమ్మ ఒప్పుకుంది, కానీ తన పద్ధతిలో. "చేసుకోండి అప్పా, నేనేం వద్దనను. రెండు పుస్తెలూ ఉండాల. ఒకటి మా ఇంటిది, ఒకటి పుట్టింటిది. ముహూర్తంలోనే మెడలో పడాల. తప్పిందా, దేవుడే వద్దన్నాడని అనుకుంటా. మళ్ళా నన్ను అడగొద్దు." హరీశ్ తల్లి మాట దాటడు. అతనిలో అంబికకి నచ్చనిది అదొక్కటే.

పుట్టింటి పుస్తె తనే చేయించి తెస్తానన్నాడు గిరిధర్. అన్న మెత్తబడ్డాడని అంబిక నమ్మింది.

పెళ్ళి రోజు ఉదయం హూడి కల్యాణమండపానికి అందరూ వచ్చారు, గిరిధర్, అక్షర తప్ప. పీటల మీద నుంచే అంబిక అన్నకి ఫోన్ చేసింది.

"కె.ఆర్.పురం బ్రిడ్జి మీద ఇరుక్కుపోయానే. ఒక్క బండీ కదలడం లేదు."

అంబిక చెవి ఒగ్గి విన్నది. హారన్ ఒక్కటీ వినబడలేదు. కుక్కర్ విజిల్ వినబడింది.

ఫోన్ పెట్టేసి లేచి నిలబడింది.

"అమ్మా, పీటల మీద నుంచి లేవకూడదు" అన్నాడు పురోహితుడు.

"నేను కూర్చుంటే పుస్తె నడిచి రాదు పంతులుగారూ."

"నేను వెళ్ళొస్తాను" అన్నాడు హరీశ్.

"ఆ బండి నీ మాట వినదు. మీ అమ్మ లేచి వెళ్ళిపోకుండా చూడు, చాలు."

మారతహళ్ళిలో తన ఇంట్లో గిరిధర్ కొత్త చొక్కా వేసుకుని తీరిగ్గా ఇడ్లీ తింటున్నాడు. గుమ్మంలో పట్టుచీరతో, బాసికంతో చెల్లెల్ని చూసినా లేవలేదు. "ముహూర్తం అయిపోవచ్చింది. వచ్చే శ్రావణంలో చూద్దాంలే" అన్నాడు. అంబిక జవాబు చెప్పేలోగా అక్షర లోపల్నుంచి చిన్న డబ్బీ తెచ్చి మేనత్త చేతిలో పెట్టింది. "ఫ్రిజ్ మీద దాచాడత్తా."

"సంబంధాలు రాకపోతే నన్ననొద్దు" అన్నాడు గిరిధర్ కూతురితో.

"రాకపోతే అత్తలాగే నేనే చూసుకుంటాను" అంది అక్షర.

అన్న లేకుండా పెళ్ళయిందన్న మాట పడటం ఇష్టంలేక గిరిధర్ కూడా అక్షర వెంట వచ్చి కారెక్కాడు.

రింగు రోడ్డు మీదకి రాగానే అంబిక యాక్సిలరేటర్ తొక్కింది. బండి ఆలోచించుకుంటున్నట్టు ఒక్క క్షణం ఊరుకుని, వెనక నుంచి ఎవరో తోసినట్టు దూకింది. పై గేరు వేయకుండా మూడో గేరులోనే ఉంచింది. ఇంజను అరుస్తోంది. వేడి చూపించే ముల్లు ఎర్రగీత వైపు పాకుతోంది.

"గేరు మార్చవే, ఇంజను కాలిపోతుంది" అన్నాడు గిరిధర్.

"కాలాలి."

"పిచ్చా నీకు? ఇంత జోరుగా పోయినా ముహూర్తానికి అందుకోలేవు."

"గుమ్మం దాకా అందుకుంటే చాలు. లోపలి సంగతి బండి చూసుకుంటుంది."

టర్బో ఎంత కాలితే అంతసేపు చల్లారాలి. ఈ పరుగుతో అది పగిలిపోనూ వచ్చు. పగిలితే ఆ సామాను ఈ దేశంలో దొరకదని ఆమెకి తెలుసు. ఇంకా గట్టిగా తొక్కింది.

మండపం గేటు దగ్గర భాగీరథమ్మ చెప్పులేసుకుని సిద్ధంగా ఉంది, హరీశ్ ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు. కారు కాలిన వాసనతో వచ్చి ఆమె ముందు ఆగింది. ఇంజను నడుస్తోంది. ముహూర్తం దాటడానికి నిమిషం ముందు మండపంలో గోడ గడియారం ముల్లు ఆగింది. అగరుబత్తి పొగ లేచింది లేచినట్టే నిలబడింది.

అంబిక దిగగానే గిరిధర్ చెయ్యి తాళం మీదకి వెళ్ళింది. అంబికతో పాటు కాలేజీలో పాఠాలు చెప్పే జరీనా అప్పటికే డ్రైవర్ సీట్లోకి దూరింది.

"చెయ్యి తీయండి అన్నా."

"పెట్రోలు దండగమ్మా."

"మీది కాదుగా. వెళ్ళి అక్షింతలు పట్టుకోండి."

గిరిధర్ దిగి భాగీరథమ్మ దగ్గరికి వెళ్ళాడు. "ఇది మోసం కదమ్మా? ముహూర్తం దాటిపోయినట్టే లెక్క. పెద్దవారు మీరైనా చెప్పండి."

భాగీరథమ్మ గడియారం వంక చూసింది, అతని వంక చూసింది. "ముల్లు నిలబడే ఉండాది కదప్పా. దాటినట్టు ఎట్లయితాది? నీ చొక్కా మీద చట్నీ ఉండాది, పోయి కడుక్కో."

చెప్పులు విడిచి లోపలికి నడిచింది.

అంబిక తొందరపడలేదు. ముఖం కడుక్కుంది, చెదిరిన బొట్టు దిద్దుకుంది, గ్లాసు మంచినీళ్ళు తాగింది. పురోహితుడు మంత్రాలు గబగబా ముగించబోతే, "ఒక్కటీ వదలొద్దు, నిదానంగా చదవండి" అంది. రెండు పుస్తెలూ పసుపుతాడుకి ఎక్కాయి. హరీశ్ మూడు ముళ్ళూ వేశాడు. కాసేపటికి అగరుబత్తి పొగ కదిలి పైకి పోయింది. జరీనా ఇంజను ఆపి వచ్చి అక్షింతలు వేసింది. గిరిధర్ కూడా వేశాడు, తడి చొక్కాతో.

భోజనాలయ్యాక కొత్త కోడలు డ్రైవర్ సీట్లో, కొడుకు పక్క సీట్లో, భాగీరథమ్మ వెనక. అంబిక కొంగుకీ హరీశ్ ఉత్తరీయానికీ వేసిన ముడి సరిగ్గా గేరు మీద పడింది. అంబిక దాన్ని విప్పబోయింది.

"ఇల్లు చేరేదాకా విప్పకూడదు" అంది భాగీరథమ్మ.

"గేరుకి అడ్డొస్తోంది అత్తయ్యా."

భాగీరథమ్మ ముందుకి వంగి ముడి వంక చూసింది. "అట్లయితే విప్పు" అంది. "మెల్లగా మాత్రం తోలొద్దు. ఇంటికాడ నాకు పని శానా ఉండాది."