నీళ్ళు నిలిచిన తోలుసంచి

నా తోలుసంచి మీద ఎవరైనా చెయ్యి వేస్తే నాకు ఒళ్ళు మండేది. చెయ్యి దాకా ఎందుకు, దాని పక్కన వక్కాకు పళ్ళెం పెట్టినా ఊరుకునేదాన్ని కాదు. బేస్తవారిపేట చుట్టుపక్కల పల్లెల్లో నా పేరు సామ్రాజ్యం అని తెలిసినవాళ్ళు తక్కువ. సంచి నర్సమ్మ అంటే మాత్రం గొర్రెలు కాసేవాళ్ళు కూడా దారి చూపించేవాళ్ళు.

గుంటూరులో నాకు కాన్పుల పని నేర్పిన దొరసాని డాక్టరమ్మ, తన దేశానికి వెళ్ళిపోతూ ఆ సంచి నా చేతిలో పెట్టింది. లేత బిస్కెట్టు రంగు దూడతోలు, ఇత్తడి మూతి, లోపల పట్టు అస్తరు, మూతి కింద బంగారు అక్షరాల్లో లండను కంపెనీ పేరు. ఆవిడ దాన్ని షోకుకు వాడింది. నేను కత్తెర, దూది, బొడ్డుకు కట్టే దారం, మందుసీసాలు కుక్కి పదేళ్ళు వాడాను. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిన మరుసటి ఏడు ఎండలకు అది ఇక నా వల్ల కాదంది. తోలు బీటలు వారింది. పిడి తెగింది. ఒక మూల ఎలుక కొరికింది. ఒక పక్క కుట్లు విడిపోయి, నేను నడుస్తుంటే దూది బయటికి తొంగిచూసేది.

బస్సెక్కి మార్కాపురం వెళ్ళి, పెట్టెలూ సంచులూ అమ్మే ఒక దుకాణంలో చూపించాను. దుకాణదారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, దీన్ని మద్రాసు పంపినా ఎవరూ ముట్టుకోరు, రెగ్జిను సంచి కొనుక్కోండి అన్నాడు. నాకు ఆ మాట కంటే ఆ రెండు వేళ్ళే ఎక్కువ మండించాయి. చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తుతాడా! సంచి లాక్కుని తిరుగు బస్సు ఎక్కాను.

దారిలో ఓబులయ్య గుర్తొచ్చాడు. మా ఊరి పాలెంలో అతను కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులతో బావి నీళ్ళు తోడే ఆ పెద్ద తోలు బానలు కుట్టడంలో అతనికి అటు దొనకొండ దాకా పేరుంది. అతని భార్య దాసమ్మకు కిందటేడు రెండో కాన్పు చేసింది నేనే. ఆ చనువుతో బస్సు దిగి నేరుగా వాళ్ళింటికే వెళ్ళాను.

వాళ్ళ పరిస్థితి అప్పుడు ఏమీ బాగాలేదు. ఆ ఏడే ఊళ్ళో చెన్నకేశవులు తన బావికి ఆయిలింజను పెట్టాడు. అది చూసి ఇంకో నలుగురు పెట్టారు. ఇంజనుకు తోలుబానతో పనేముంది? చెప్పులు కుట్టి ఇల్లు గడపలేక, ఓబులయ్య పలకరాతి గని పనికి వస్తానని మేస్త్రీకి మాట ఇచ్చేశాడు. పై నెల మొదటి సోమవారం లారీ వస్తుంది. గని మాట ఎత్తితే చాలు దాసమ్మ కళ్ళు తుడుచుకునేది. ఆమె అన్న అయిదేళ్ళు రాయి కొట్టి, ఆ దుమ్మంతా పీల్చి, ముప్పయ్యేళ్ళకే దగ్గుతో మంచం పట్టాడు.

ఓబులయ్య సంచిని ఒళ్ళో పెట్టుకుని వాసన చూశాడు, మడిచి చూశాడు, వేలితో గిచ్చి చూశాడు. తర్వాత భార్య చేతికిచ్చాడు. ఆమె కుట్లు విడిపోయిన చోట వేలు పెట్టి చాలాసేపు చూసి లోపలికి వెళ్ళింది. అతనూ వెనకే వెళ్ళాడు. ఇద్దరూ ఏం గుసగుసలాడుకున్నారో గానీ, ఓబులయ్య బయటికి వచ్చి చేస్తామన్నాడు. ఇట్లాంటి సన్నపని నాలుగు చోట్ల దొరికితే గని మాట మానుకోవచ్చని కూడా అన్నాడు.

"ఈ సంచి నిలబడితే మేమీడ నిలబడతాం తల్లీ" అన్నాడు.

నేను పది రోజుల గడువు, పాతిక జాగ్రత్తలు చెప్పి వచ్చాను. ముఖ్యంగా ఒకటి చెప్పాను. ఇది దొరసాని సంచి, దీన్ని బాన అనుకోవద్దని.

ఎనిమిదో రోజు పక్క పల్లెలో కాన్పు ముగించుకుని పాలెం మీదుగా వస్తూ, చూసిపోదామని ఆగాను. వాళ్ళింటి ముందు కానుగ కొమ్మకు నా సంచి తాడుతో వేలాడుతోంది. దాని నిండా, మూతి దాకా, నీళ్ళు. కింద ఓబులయ్య గొంతుకూర్చుని పొడినేలను మురిపెంగా చూసుకుంటున్నాడు.

ఏం చేస్తున్నావని అడిగాను.

"నీళ్ళ పరీచ్ఛ తల్లీ. తెల్లారంగ పోసినా. ఒక్క చుక్క కారితే ఒట్టు" అన్నాడు.

బాన కుట్టినవాడు దాన్ని రైతుకు అప్పగించే ముందు నీళ్ళు నింపి ఒక పూట వేలాడదీస్తాడు. కింద నేల తడిస్తే ఆ బాన గడప దాటదు. అది వాళ్ళింటి మర్యాద. ఆ మర్యాదే నా సంచికీ చేశాడు పాపం. కానీ ఆ క్షణాన నాకు మర్యాదలు తలకెక్కలేదు. బిస్కెట్టు రంగు పోయి చింతగింజ రంగు వచ్చిందనీ, బంగారు అక్షరాల జాడే లేదనీ మాత్రమే కనిపించింది. పట్టు అస్తరు ముందే విప్పి భద్రం చేశామని అతను చెప్పబోయాడు. నేను చెప్పనిస్తేగా! పాలెమంతా పోగయ్యేలా అరిచాను. నిన్ను నమ్మడం నా బుద్ధితక్కువ అన్నాను. అక్కడితో ఆపినా బాగుండేది.

"నీ చేతులకు బానలే గతి. ఇప్పుడు ఆ బానలూ లేవు" అన్నాను.

ఓబులయ్య తల దించుకున్నాడు. దాసమ్మ చంటిబిడ్డను ఎత్తుకుని గడపలో నిలబడింది. ఆమె నన్ను చూడలేదు, కొమ్మకున్న సంచినే చూస్తోంది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని నాకు అప్పుడే తెలిసింది. తెలిసినా విసవిసా నడిచి వచ్చేశాను. నా గుణం అంతే, కోపం ముందు నడుస్తుంది, బుద్ధి వెనకాల ఆయాసపడుతూ వస్తుంది.

శనివారం మధ్యాహ్నం ఓబులయ్య సంచిని ఉతికిన గుడ్డలో చుట్టి మా ఆసుపత్రి వసారాలో పెట్టాడు. కూర్చోమన్నాను, కూర్చోలేదు. సోమవారం గనికి పోతున్నానని చెప్పి వెళ్ళిపోయాడు.

అతను పోయాక గుడ్డ విప్పాను. నిజం ఒప్పుకోవాలి, తప్పులు వెతకడానికే విప్పాను. రంగు ముదిరింది, అది మారేది కాదు. కానీ బీటలు పూడిపోయి తోలు పసిబిడ్డ చెంపలా మెత్తబడింది. ఎలుక కొరికిన మూలకు మేకపిల్ల తోలు అతికారు. అతుకు ఎక్కడ మొదలైందో గోటితో గీరితే గానీ తెలియలేదు. పిడి కొత్తది. పట్టు అస్తరు మళ్ళీ లోపల దాని చోట ఉంది. విడిపోయిన పక్క చూద్దునా, లండనువాళ్ళు కుట్టిన కుట్టు ఎక్కడ ఆగిందో, ఇక్కడి కుట్టు ఎక్కడ మొదలైందో నాకు అంతుపట్టలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాను, కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను. ఒక్క కొత్త రంధ్రం పొడవలేదు. పాత రంధ్రాల్లోంచే, ఒక్కటి తప్పకుండా, దారం నడిచింది. పొట్ట కుట్లు వేసే పెద్ద డాక్టర్ల చేతుల్లో కూడా నేను అంత వరస చూడలేదు.

సిగ్గుతో నా మొహం కాలిపోయింది.

అంతలో మా డాక్టరు వెంకటేశ్వర్లు గారు అటు వచ్చి సంచి చూశారు. మద్రాసులో చేయించారా అని అడిగారు. ఇక్కడే అన్నాను. ఆయన గబగబా లోపలికి వెళ్ళి, మూతి చిరిగి రెండేళ్ళుగా బీరువాలో పడి ఉన్న తన మందులసంచి తెచ్చి నా ముందు పెట్టారు. దీన్ని కూడా బతికించమనండి, బాగుంటే కంభం, గిద్దలూరు డాక్టర్లకు నేనే చెబుతాను అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆ సంచి పట్టుకుని పాలేనికి వెళ్ళాను. ఓబులయ్య దుప్పటి, చెంబు మూట కడుతున్నాడు. నేను జీవితంలో తప్పయిందని ఒప్పుకున్న సందర్భాలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. అయినా ఆ రోజు నిలబడే చెప్పాను, అనరాని మాట అన్నానని, మనసులో పెట్టుకోవద్దని. డాక్టరు గారి సంచి అతని ముందు పెట్టి, ఆయన అన్న మాటలన్నీ చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను. అతను సంచిని ముట్టుకోనైనా లేదు.

"ఆ కుట్టు నాది కాదమ్మా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. సంచి నీ చేతికే గదా ఇచ్చాను అన్నాను.

"నా చేతికే ఇచ్చినారు. కుట్టింది దాసమ్మ. బాన బెజ్జమైతే నా కండ్లకు ఆనతాది. సన్నవి ఆనక రెండేండ్లాయె. పెరట్లో కూసోని ఆమె కుడతాది, వాకిట్లో కూసోని నేను ఇస్తా. మా ఇండ్లల్లో ఆడమనిషి ఆరె పట్టుకుంటే ఇంటికి కీడంటారు. అందుకే ఎవురికీ చెప్పలా." అతను తల గోక్కుంటూ అన్నాడు. "నీళ్ళు పోసింది మాత్రం నేనే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చెప్పులకు రంధ్రం పొడిచే ఆ గుప్పెడు ఇనుప ఆరెను దాచడానికి మొగుడూ పెళ్ళాం రెండేళ్ళు దొంగల్లా బతికారన్నమాట. దాసమ్మను పిలిచాను. గడప దాటడానికి కూడా జంకింది. బతిమాలి అడిగితే మెల్లగా చెప్పింది. ముందు కుంకుడు నీళ్ళతో కడిగిందట. ఆముదం మూడు రోజులు కొంచెం కొంచెంగా తాగించిందట. నల్లమల నుంచి సంతకు వచ్చే బయ్యమ్మ దగ్గర తేనెమైనం తీసుకుని, నాలుగు పోగుల దారానికి రాసిందట. మేకపిల్ల తోలు తంగేడు చెక్కతో తనే ఊని పదును చేసిందట.

"పాత బెజ్జాల్లోనే పోనిచ్చినా అక్కా. కొత్తవి పొడిస్తే ఆ ముసలి తోలు తట్టుకోదు" అంది.

నేను అంత రాద్ధాంతం చేసిన రోజు, కుట్టింది నేనని ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆడది కుట్టిందంటే, ఉన్న కుట్లు గూడా ఇప్పెయ్యమంటావేమో అనుకుంటి" అంది.

అనేదాన్ని కాదని చెప్పబోయి ఆగాను. ఎందుకంటే అనేదాన్నే. గుంటూరులో నేను ఈ పని నేర్చుకునేటప్పుడు, పెళ్ళికాని పిల్లకు ఈ పనులేమిటని మా నాన్న ఏడాది నాతో మాట్లాడలేదు. అంత పడినదాన్ని, వీళ్ళ వాకిట్లోకి వచ్చి సంచిని తిన్నగా మగవాడి చేతికే ఇచ్చాను. ఎదురుగా ఉన్న మనిషిని చూడనేలేదు.

డాక్టరు గారి సంచి తీసి దాసమ్మ ఒళ్ళో పెట్టాను. ఇది దాసమ్మే కుట్టాలని ఆయన గట్టిగా చెప్పారు అన్నాను. పచ్చి అబద్ధం. దాసమ్మ ఎవరో ఆయనకు తెలియనే తెలియదు. పెరట్లో చీకట్లో కుడితే నేను ఒప్పుకోననీ, వాకిట్లో వెలుతురులో కూర్చుని కుట్టాలనీ కూడా అన్నాను. దాసమ్మ మొగుడి మొహం చూసింది. కులపెద్దలు ఏమంటారోనని ఓబులయ్య గొణిగాడు. మేస్త్రీకి ఇచ్చిన మాట కూడా ఉందన్నాడు. నా చేతిలో ఉన్నది అంతవరకే. లేచి ఇంటికి వచ్చేశాను.

సోమవారం పొద్దున నాకు ఒక కాన్పు కబురు వచ్చింది. అది పాలేనికి ఎదురు దిక్కు. అయినా పాలెం మీదుగా చుట్టు తిరిగే వెళ్ళాను. లారీ అప్పటికే వచ్చి ఉంది. అయిదారుగురు మూటలతో ఎక్కి కూర్చున్నారు. మేస్త్రీ ఓబులయ్య ఇంటి ముందు నిలబడి పిలుస్తున్నాడు.

వాకిట్లో ఓబులయ్య ఇన్నేళ్ళూ కూర్చున్న రాయి మీద దాసమ్మ కూర్చుంది. డాక్టరు గారి సంచి మోకాళ్ళ మధ్య, ఆరె చేతిలో. ఎదురిళ్ళ ఆడవాళ్ళు బిందెలతో నిలబడిపోయి చూస్తున్నారు. ఒక ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దాసమ్మ తల ఎత్తకుండా మొదటి రంధ్రంలో ఆరె దించింది.

మేస్త్రీ మళ్ళీ కేకేశాడు. ఓబులయ్య ఇంట్లోంచి బయటికి వచ్చాడు. చేతిలో మూట లేదు, దారపు ఉండ ఉంది.

"నేను రాను మేస్త్రీ. నా పెండ్లాము కుడతాంటే దారం పేనేటోడు కావాల" అన్నాడు.

లారీలో వాళ్ళు గొల్లున నవ్వారు. మేస్త్రీ ఏదో అని, చెయ్యి విదిలించి, లారీ ఎక్కాడు. ఓబులయ్య ఎవరివైపూ చూడలేదు. రాయి పక్కన నేల మీద చతికిలబడి, తొడ మీద నాలుగు పోగులు పేని, మైనం రాసి, కొసను నోట్లో తడిపి మొన చేశాడు. లారీ కదిలింది. అందరూ చూస్తుండగానే అతను ఆ దారాన్ని భార్యకు అందించాడు, ఆమె చెయ్యి చాపి తీసుకుంది.