మెట్లెక్కే మేస్త్రి

మా ఆయన కావాలని మెట్లెక్కి ఇంటికి రావడం మొదలుపెట్టింది సరిగ్గా లిఫ్టు బాగైన రోజు నుంచే. అంతకుముందు రెండు నెలలు లిఫ్టు ఆగిపోయి, బిల్డింగు అంతా ఆరంతస్తులూ ఎక్కి దిగుతూ నోరారా తిట్టుకున్నాం. ఆయనా రొప్పుతూ, తిట్టుకుంటూనే ఎక్కాడు. తీరా లిఫ్టు తిరుగుతుంటే, అదీ తను చేసిన పిన్నుతో తిరుగుతుంటే, ఈయనగారు మాత్రం మెట్లు!

"డాక్టరు నడవమన్నాడు" అన్నాడు.

"నేను వెంట లేకుండా మీరు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళారు? సూది అంటేనే మంచం కింద దూరే మనిషి!" అన్నాను.

నవ్వేసి ఊరుకున్నాడు. నేనూ నవ్వాను. అప్పుడే నిలదీయాల్సింది, నా బుద్ధి గడ్డి తింది.

లిఫ్టు ఎందుకు ఆగిందంటే, ప్రభుత్వం "మన చేతి సరుకు" అని ఒక పథకం పెట్టింది. బయటి దేశాల నుంచి విడిభాగాలు ఇక రావు, అన్నీ ఇక్కడే చేసుకోవాలి. మంచిమాటే, కాదన్నదెవరు? లిఫ్టు బ్రేకులో చూపుడువేలంత పిన్ను ఒకటి ఉంటుంది. బ్రేకు రెండు చేతుల్నీ పట్టి ఉంచేది అదే, అది పోతే లిఫ్టుని ఆపేదేదీ లేదు. అది అరిగిపోయింది, కొత్తది రాదు. మా ఆయన ముప్ఫై ఏళ్ళుగా లేతు మిషను మీద పనిచేస్తున్నాడు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కని పక్కన పడేస్తాడని వర్క్‌షాపులో ఆయన్ని వెంట్రుక మేస్త్రి అంటారు. పథకం ఆఫీసరు ఆయన్నే వెతుక్కుంటూ వచ్చాడు. ఆ మనిషి ముఖం మీంచి నవ్వు దిగదు. నేను నవ్వుల సారు అని పేరు పెట్టాను. నవ్వుతూ వచ్చాడు, నవ్వుతూ పని చేయించాడు, పిన్ను గట్టిదేనని నవ్వుతూ సంతకం పెట్టించుకుని పోయాడు. ఊళ్ళో నాలుగు వందల లిఫ్టులకు ఇప్పుడు అదే పిన్ను. లిఫ్టు లిఫ్టులోనూ మా ఆయన ఫోటో, దాని కింద పెద్ద అక్షరాలతో "ఇది మనది".

అందరికంటే పొంగిపోయింది మా అత్తయ్య. మోకాళ్ళ నొప్పులతో పాపం రెండు నెలలు గడప దాటలేదు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు దిగుతుంది, పని ఉన్నా లేకపోయినా. లిఫ్టులో ఎవరు కనపడితే వాళ్ళకు ఫోటో చూపిస్తుంది. "నా కొడుకు వేలు పట్టుకుని దిగినట్టే ఉందే అమ్మాయ్" అంటుంది నాతో. కాకిపిల్ల కాకికి ముద్దు.

ఒకరోజు పొద్దున్న ఆయన వచ్చి అత్తయ్య ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎక్కమ్మా, నేను దింపుతా."

"లిఫ్టు పెట్టుకుని ఈ వయసులో నాకు ఉప్పుమూట ఏంట్రా, పిచ్చి సన్నాసీ!" అని ఆవిడ పకపకా నవ్వింది. అయినా ఎక్కింది. కొడుకు ఎత్తుకుంటానంటే ఏ తల్లి వద్దంటుంది? ఆరంతస్తులూ దింపాడు. మెట్ల మీద పక్కింటివాళ్ళు చూసి ఒకటే నవ్వులు. ఆ మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్ళు చూశాను. భయం.

ఆ వారమే చొక్కా ఉతకబోతే జేబులో బరువుగా ఏదో తగిలింది. చేతిరుమాల్లో మూటగట్టిన పిన్ను. రెండు ముక్కలు. విరిగినచోట లోపలంతా సన్నటి గుల్లలు, పురుగు తిన్న పన్నులాగ.

సాయంత్రం ఆయన ముందు పెట్టాను. లేచి తలుపేశాడు, కిటికీ కూడా వేశాడు. సంచిలోంచి ఇంకో పిన్ను తీసి గడప మీద సగం బయటికి వచ్చేలా పెట్టి, చప్పుడు బయటికి పోకుండా తువ్వాలు కప్పి, సుత్తితో కొట్టాడు. ఆరు దెబ్బలు పడ్డాయి.

"ఇప్పుడు విను" అన్నాడు.

ఏడో దెబ్బకి, గోరు విరిగినట్టు, టిక్ మంది. ఎనిమిదో దెబ్బకి రెండు ముక్కలైంది.

"ఆ టిక్ అన్నాక ఇక ఎంతోసేపు ఉండదు" అన్నాడు. "పాత ఉక్కు రావడం లేదు. వీళ్ళిచ్చిన కడ్డీ లోపల గుల్ల. ఒకరిద్దరు ఎక్కితే ఏమో కాస్త తట్టుకుంటుంది. నిండా ఎక్కితే చెప్పలేను."

"మరి ఆ నవ్వుల సారుకి చెప్పలేదా?"

"చూపించాను. 'మనదాన్ని మనమే సుత్తితో కొట్టుకుంటామా మేస్త్రీ? బయటివాడి ఉక్కుని ఎప్పుడైనా ఇలా కొట్టావా?' అన్నాడు. కొట్టాను సార్, వంద దెబ్బలకీ విరగలేదు అన్నాను. అప్పుడు నవ్వడం మానేశాడు."

"అయితే?"

"ఈ పథకంలోనే చేసిన నీళ్ళ పంపు కారుతోందని రాసిచ్చిన ఫిట్టరు గుర్తున్నాడా? శిక్షణకని తీసుకెళ్ళారు. ఐదు నెలలైంది. అతని మిషను మీద ఇప్పుడు వేరేవాడు నిలబడుతున్నాడు." ముక్కల్ని రుమాల్లో చుడుతూ అన్నాడు, "సంతకం పెట్టేశానే. మొహమాటమో, భయమో. పెట్టేశాను."

మొహమాటానికి పోతే కడుపొచ్చిందట వెనకటికి ఎవరికో. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన్ని తిట్టడానికి నోరు తెరిచాను. తలుపు వైపు చూసి మూసుకున్నాను. మొట్టమొదటిసారి నా ఇంట్లో నేనే గొంతు తగ్గించాను.

తొమ్మిది రోజులకు నవ్వుల సారు మా బిల్డింగుకే వచ్చాడు. మేస్త్రికి సన్మానం, సినిమా తీస్తారట. కింద కుర్చీలు వేశారు. ఆయన అత్తయ్యను పొద్దున్నే మెట్ల మీదుగా దింపాడు. ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. అయిపోయింది, బతికిపోయాం అనుకున్నాను.

"ఇప్పుడు తల్లీ కొడుకులు లిఫ్టులో పైకి వెళ్తుంటే తీద్దాం" అన్నాడు నవ్వుల సారు. "ఇరుగుపొరుగు వాళ్ళు కూడా ఎక్కండి. నిండుగా ఉంటే చూడముచ్చటగా ఉంటుంది."

అత్తయ్య అందరికంటే ముందు ఎక్కేసింది. వెనకాలే ఆరుగురు. ఆయన కదల్లేదు. నాకు ఏమైందో తెలియదు, అరిచేశాను.

"దిగండి! అత్తయ్యా, దిగిపోండి! ఆ పిన్ను విరుగుతుంది!"

చప్పట్లు ఆగిపోయాయి. లిఫ్టులో ఒకావిడ ఒక కాలు బయట పెట్టింది. నవ్వుల సారు నా వైపు చూశాడు. నవ్వడం లేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "అమ్మా, మీ పేరు?" అన్నాడు మెల్లగా.

అత్తయ్య ముఖం ఎర్రబడింది. "నోర్ముయ్! నలుగురిలో నా కొడుకు పరువు తీస్తావా?" అని నా మీద లేచింది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "నువ్వు చెప్పరా. నువ్వు చేసిందేగా. విరుగుతుందా?"

అందరూ ఆయన్నే చూశారు. ఆయన నన్ను చూశాడు, సారు చేతిలో తెరిచి ఉన్న పుస్తకాన్ని చూశాడు. ఒక్కమాట, ఒక్కమాట చాలు, చెప్పండి అని నా ప్రాణం కొట్టుకుపోయింది.

"విరగదమ్మా" అన్నాడు.

అని వెళ్ళి లిఫ్టు ఎక్కి తల్లి పక్కన నిలబడ్డాడు. చెయ్యి పట్టుకున్నాడు. బయట కాలు పెట్టినావిడ మళ్ళీ లోపలికి తీసుకుంది. కెమెరా అతను కూడా దూరి, "సార్, మీరూ రండి" అన్నాడు.

నవ్వుల సారు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. నవ్వు మళ్ళీ వచ్చింది.

"మీరు పదండి. నేను మెట్ల మీద వస్తా. డాక్టరు నడవమన్నాడు."

తలుపు మూసుకుంది. నేను ఆ మనిషిని తోసుకుని మెట్లెక్కి పరిగెత్తాను. ఒకటి. రెండు. పక్కనే గోడ వెనక లిఫ్టు నాతోపాటే వస్తోంది. అత్తయ్య గొంతు వినిపిస్తోంది, ఎవరికో ఫోటో చూపిస్తోంది కాబోలు. మూడో అంతస్తు దాటాను.

టిక్ మంది.

అత్తయ్య ఇంకా నవ్వుతూనే ఉంది. ఆవిడకు వినపడలేదు. ఆయనకు వినపడే ఉంటుంది.