టాపు మీది అతుకు

నాకు నోటి దురుసు ఎక్కువ. ఆ సంగతి మా ఆవిడ సంధ్య పెళ్ళైన వారానికే కనిపెట్టింది. కానీ ఆ దురుసు ఎక్కువగా భరించింది ఆమె కాదు, పీరయ్య.

పీరయ్యది వెల్డింగు పని. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలికొచ్చి గాంధీనగర్ వెనక బస్తీలో ఉండిపోయాడు. డెబ్బై రెండులో మేమిద్దరం చిక్కడపల్లిలో మా ఇంటి వాకిట్లోనే ఒక ముసలి ఫోర్డు కారును పట్టుకుని కోశాం. జీపు ఇంజను ఎక్కించాం. టాపును నాలుగంగుళాలు కోసి, కిందికి దించి, మళ్ళీ అతికించాం. నారాయణగూడ చౌరస్తాలో అది గుర్రుమంటూ పోతుంటే జనం నిలబడి చూసేవాళ్ళు. చూసినవాళ్ళందరికీ నేను ఒకటే మాట చెప్పేవాణ్ణి: "అంతా బాగానే ఉంది గానీ, ఎడమవైపు ఆ అతుకు చూడండి, పాము పాకినట్టు! మా పీరయ్య ఘనకార్యం." ఇరవై నాలుగేళ్ళు అన్నాను, బండి మూలపడ్డాక కూడా. వాడు పక్కనే ఉండి నవ్వేవాడు.

ఈ ఏడాది పీరయ్యకు చూపు పోయింది. వెల్డింగు మంట తినేసిందట. వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. భార్య ఆశమ్మ నిరుడే కామెర్లతో పోయింది. ఊళ్ళో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతున్నానని, ఇంక పట్నం రానని చెప్పాడు. గురువారం పొద్దున బస్సు.

ఆరేళ్ళుగా టార్పాలిన్ కింద పడున్న బండిని బాగుచేసి, వాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని బస్టాండుకు తీసుకెళ్ళాలి. ఇన్నేళ్ళూ అనని మాట, 'ఇది నీ బండిరా' అని, ఆ దారిలో అనాలి. ఆ ఒక్కటీ చెయ్యకపోతే నేను మనిషినే కాదనిపించింది.

మూడు వారాలు ఆఫీసుకు సెలవు పెట్టాను. కార్బురేటర్ విప్పి కడిగాను. వైరింగంతా కొత్తది లాగాను, బ్రేకులు మార్చాను, సీట్లకు కొత్త రెగ్జిన్ వేయించాను. "బండి కింద పండినంక లేపనీకి నాతోని కాదు, ముందే చెప్తున్న" అని సంధ్య గొణుగుతూనే చాయ్ తెచ్చిచ్చేది.

డెంటింగుకు అశోక్‌నగర్ నుంచి ఎల్లేష్ వచ్చాడు. టాపు తడిమి, "ఈ వంకర అతుకు ఏం జేద్దాం సార్? కోసి కొత్త రేకేస్తే అద్దం లెక్క అయితది" అన్నాడు.

"కోసెయ్" అన్నాను.

క్షణం కూడా ఆలోచించలేదు. పీరయ్య తప్పు దిద్దిపెడుతున్నానని, అది వాడికి చేసే మర్యాదేనని అనుకున్నాను. నా బుద్ధి తగలెయ్య! కోసిన రేకును పాత పేపర్లతో పాటు పాత సామాన్లవాడి బండిలో పడేశాను.

గురువారం పీరయ్య చేతిసంచీతో రిక్షా దిగాడు. ఇంజను చప్పుడు వినగానే వాడి ముఖం వెలిగింది. "బతికిచ్చినవ్ జగదీశన్నా!" అంటూ తడుముకుంటూ వచ్చి, టాపు మీద ఎడమవైపు అరచెయ్యి పెట్టాడు. ముందుకు జరిపాడు. వెనక్కి జరిపాడు.

"అన్నా, నా అతుకేది?"

"తీసేయించిన పీరయ్యా! ఇప్పుడు జూడు, వంకర లేదు, ఏం లేదు" అన్నాను గొప్పగా.

"గక్కడ ఆశమ్మ చెయ్యి ఉండె అన్నా."

నాకేమీ అర్థం కాలేదు. వాడే నెమ్మదిగా చెప్పాడు.

"ఆ దినం రేకు నువ్వు పట్టుకోవాలె. సిగరెట్ తాగొస్తనని పోయి గంటయినా రాకపోతివి. అన్నం తెచ్చిన ఆశమ్మ, చేతికి కొంగు చుట్టుకొని తనే పట్టుకున్నది. కొత్తగ పెండ్లయిన పిల్ల. రవ్వలకు భయపడి చెయ్యి వణికింది, అతుకు వంకర వోయింది. సరిజేస్తనంటే వద్దన్నది. నాది కూడ జర ఉండనీ అన్నది."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేందిరా?"

"నువ్వు అందరికి చూపిచ్చి చెప్తుంటే ఆమెకు సంబురమయ్యేది. ఇంటికొచ్చి ఇద్దరం నవ్వుకునేటోళ్ళం." వాడి చెయ్యి ఇంకా టాపు మీదే ఉంది. "ఆ రేకు ఏడున్నది? ఇస్తే ఊరికి తీస్కపోత."

ఏం చేశానో చెప్పాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"పోనీ తియ్" అన్నాడు.

ముందు సీట్లోనే కూర్చున్నాడు, సంచీ ఒళ్ళో పెట్టుకుని, దేనికీ చెయ్యి తగలకుండా. నారాయణగూడ దాటాం, కాచిగూడ దాటాం. అనాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏ ముఖం పెట్టుకుని అనేది?

బస్సెక్కించి కిటికీ దగ్గర నిలబడ్డాను. వాడు నా వైపు అనుకుని ఎటో చూస్తూ చేతులు జోడించాడు.

"బండి మంచిగ చేయిచ్చిండ్రు సార్" అన్నాడు.

ఇరవై నాలుగేళ్ళలో పీరయ్య నన్ను సార్ అనడం అదే మొదటిసారి.