మామయ్య దగ్గు

ఆ ఇంటి ముందుగది డబ్బుకి అన్నం పెట్టే భోజనశాల, వెనకగది వంటిల్లు. వంటింట్లో పెద్దకోడలిదే రాజ్యం. మొగుడు పోయినా ఆమె పెత్తనం పోకపోవడానికి కారణం ఆమె నాలుకే. రైతుల వారపు సంతలో ఆ పూట ఏం దొరికితే అది కొనుక్కొచ్చి వండేది. ఉడుకుతున్నదాంట్లోంచి అరచేతిలో ఓ చుక్క వేసుకుని నాకి, చిటికెడు ఉప్పో కారమో పడేసిందంటే ఇక దానికి తిరుగులేదు. ఆమె రుచి చూడందే గిన్నె గడప దాటకూడదు, ఆమె చూశాక ఇంకొకరు వేలు పెట్టకూడదు. ఇదీ ఆ వంటింటి చట్టం. చట్టం చేసింది కూడా ఆవిడే అనుకోండి.

వేసవి మొదట్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ నాలుకను పట్టుకుపోయింది. ఉప్పు వేసుకుంటే ఇసుక నమిలినట్టుంది. పచ్చిమిరపకాయ కొరికితే మంట తెలిసింది గానీ రుచి లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంకేమన్నా ఉందా? పిల్లాజెల్లా లేని మనిషి, పొయ్యి దగ్గర కూడా పనికిరాకపోతే ఆ ఇంట్లో ఏ మూలన కూర్చోవాలి? ఆ భయం ఆమెను లోపల్లోపలే తినేసింది.

కనిపెట్టినవాడు మామగారు. ఉప్పు కషాయమైన కూర ఆయన కంచంలో వేసి "ఎలా ఉంది మామయ్యా?" అని ఆమె మామూలుగా అడిగినప్పుడు, తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు. మర్నాడు స్టూలు తెచ్చుకుని వంటింటి గుమ్మంలో వేసుకున్నాడు. "ఆకలేస్తోందమ్మాయ్, ఓ చెంచా పెట్టు" అని కూర దించకముందే అడిగేవాడు. తిని దగ్గితే ఉప్పు చాల్లేదని. గొంతు సవరించుకుంటే సరిపోయిందని. బుర్ర గోక్కుంటే కారం ఎక్కువైందని. ఈ సంగతి ఇద్దరూ ఒక్కసారి కూడా నోరు విప్పి అనుకున్నది లేదు. "ముసలాయనకి తిండి యావ ముదిరింది" అని చిన్నకోడలు నవ్వేది.

అయినా మరిది ఊరుకోలేదు. ఒకరోజు బల్లలు తుడుస్తూ "వదినా, కొన్నాళ్లు నువ్వు కూర్చో. పొయ్యి దగ్గరికి ఎవర్నైనా పెడదాం" అన్నాడు. ఆమెకు తల కొట్టేసినంత పనైంది. "నా చేతి వంట ఎవరికి సయించడం లేదో పేరు చెప్పు!" అని కయ్యిమంది. అతను తుడిచిన బల్లే మళ్లీ తుడిచాడు.

ఎండలు ముదిరాయి. సంతలో ఆకుకూరలు మధ్యాహ్నం కాకముందే వడలిపోతున్నాయి. టమాటాలు, సొరకాయలు మాత్రం నిగనిగలాడుతూ కనిపించాయి.

"ఈసారి నీళ్లు సరిగా అందలేదమ్మా" అన్నాడు సొరకాయల రైతు. "ఒక్కో కాయ చేదెక్కింది. ముక్క కొరికి చూసి మరీ వండుకోండి. చేదుగా ఉంటే పారెయ్యండి, అది విషమే."

"నాకా చెప్తున్నావు? చూడకుండా నేను ఏనాడు వండాను?" అందామె. అలవాటైన గర్వం అలా మాట్లాడించింది.

ఇంటికొచ్చి పెద్ద కాయ కోసింది. చిన్నకోడలు చూస్తుండగా ఓ ముక్క నోట్లో వేసుకుని నమిలింది. చన్నీళ్లు తాగినట్టుంది. మామయ్య స్టూలు మీద లేడు, స్నానానికి వెళ్లాడు. ఆయన వచ్చేదాకా ఆగితే సరిపోయేది.

"ఎలా ఉందక్కా?" అంది చిన్నకోడలు.

"బాగానే ఉంది."

మందులు వేసుకోవాలి కాబట్టి ఆయన భోజనం అందరికంటే ముందు. ఆ ముక్కల్లో కాసిని టమాటాలతో కలిపి, కారం లేకుండా చిన్న గిన్నెలో వండింది. తక్కినవి బేసిన్లో ఉంచింది, వచ్చేవాళ్లకు వండడానికి.

ఆయన మొదటి ముద్ద పెట్టుకుని ఆగాడు. ఆమె దగ్గు కోసం చూసింది. దగ్గలేదు. గొంతూ సవరించుకోలేదు. చేదుకి వాళ్లు ఏ గుర్తూ పెట్టుకోలేదు.

పక్కనే చిన్నకొడుకు కంచం ముందు కూర్చున్నాడు. "నాన్నా, ఆ కూర కాస్త ఇటు తొయ్యి" అని చెయ్యి చాచాడు.

ఆయన గిన్నె లాక్కున్నాడు. "నా చప్పిడి కూర మీద పడతావేంరా? నీకు వేరే ఉన్నాయిగా!" అని, గిన్నె మొత్తం కంచంలో వంపుకుని ఆఖరి ముక్కదాకా తిన్నాడు. చెయ్యి కడుక్కోవడానికి పోతూ పోతూ చేతికర్ర బేసిన్‌కి తగిలించాడు. ముక్కలన్నీ నేలపాలయ్యాయి.

"చూసుకోవద్దా నాన్నా?" అని కొడుకు విసుక్కున్నాడు.

"ముసలాణ్ణి కదరా" అన్నాడాయన. చిన్నకోడలు గొణుక్కుంటూ అంతా ఊడ్చి పారబోసింది.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి. తర్వాత రక్తం పడింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగింది. సొరకాయ అనగానే ఆమె మొహం మారింది. "చేదుగా ఉందా?"

"లేదమ్మా, కమ్మగా ఉంది" అన్నాడాయన మంచం మీంచి, మాట పెగల్చుకుని.

"మా అక్క రుచి చూసే వండిందండీ" అంది చిన్నకోడలు.

గిన్నె ఎందుకు లాక్కున్నాడో, కర్ర ఎలా తగిలిందో పెద్దకోడలికి అప్పుడు అర్థమైంది. "నాకు రుచి తెలీదు డాక్టరమ్మా" అంది. "జ్వరం వచ్చినప్పట్నుంచీ తెలీదు. అది చేదే అయ్యుంటుంది. ఆయన నా కోసం అబద్ధమాడుతున్నారు."

డాక్టరమ్మ నర్సుని కేకేసింది. ఎందుకు చెప్పావన్నట్టు ఆయన కోడలివైపు చూశాడు. తెల్లారేసరికి ప్రాణం పోయింది.

వరండాలో బెంచీ మీద ముగ్గురూ కూర్చున్నారు. "ఏమన్నా అనండి నన్ను. తిట్టండి" అంది పెద్దకోడలు.

"ఏమని తిట్టనక్కా?" చిన్నకోడలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "నీకు రుచి పోయిందని మాకు ఎప్పుడో తెలుసు. నువ్వు అటు తిరగగానే ఉప్పు నేనే సరిచేసేదాన్ని. సొరకాయ చేదెక్కుతుందని మాత్రం నాకు తట్టలేదు. ఈయన నిన్ను కూర్చోమన్నది కూడా అందుకే. నువ్వు చిన్నబుచ్చుకుంటావని పైకి అన్లేదు."

"మీకు తెలుసని మామయ్యకి తెలుసా?"

"లేదు వదినా" అన్నాడు మరిది గోడకేసి చూస్తూ. "ఆయన దగ్గర నువ్వు పలచనవుతావని ఆయనకీ చెప్పలేదు. ఆ ముక్క నేను తిన్నా ఏం అయ్యేది కాదు. ఛీ, చేదురా అని ఉమ్మేసేవాణ్ణి."

లోపల వార్డులో ఎవరో ముసలాయన దగ్గాడు. పెద్దకోడలి చెయ్యి తనకు తెలియకుండానే ఉప్పు డబ్బా కోసం పక్కకి సాగింది.